అమ్మానాన్నల్ని గాల్వెస్టన్ క్రూజ్‌కి తీసుకెళ్ళాం, మనసు చాలా బాధగా ఉంది

తెనాలి_టు_డాలస్:
అందరికీ నమస్తే. ఎన్నో ఏళ్ళ నుంచి ఇక్కడ చదవడమే గానీ పెద్దగా రాసింది లేదు, ఇవాళ ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి రాస్తున్నా. కంపెనీ పేరు రాయట్లేదు, దయచేసి అడగొద్దు.

అమ్మానాన్న అక్టోబర్‌లో వచ్చారు. నాన్న తెనాలి దగ్గర జడ్పీ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. డిసెంబర్‌లో వాళ్ళ 40వ పెళ్ళిరోజు. ఏదైనా మంచిగా చేద్దామని టెక్సస్‌లో గాల్వెస్టన్ పోర్టు నుంచి 5 రాత్రుల క్రూజ్ బుక్ చేశా, ఒకరోజు ప్రొగ్రెసో, ఒకరోజు కోజుమెల్, రెండూ మెక్సికోనే. నేను ఆ క్రూజే ఎందుకు తీసుకున్నానంటే ప్రొగ్రెసోలో దిగితే అక్కడి నుంచి బస్సులో రెండు గంటల్లో చిచెన్ ఇట్జా వెళ్ళొచ్చు. నాన్న ముప్పై ఏళ్ళు అక్కడున్న మాయా నాగరికత వాళ్ళ పిరమిడ్ బొమ్మ బోర్డు మీద వేసి పిల్లలకి చెప్పారు, నాలుగు పక్కలా మెట్లు, ఒక్కో పక్క 91, పైన వేదిక ఒకటి కలిపితే 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని అని. నేను కూడా ఆ క్లాసులో కూర్చున్నవాణ్ణే.

నలుగురు పెద్దాళ్ళం, ఇద్దరు పిల్లలు, రెండు రూములు, టూర్లు టిప్పులతో కలిపి 5,200 డాలర్లు అయింది. మా రూముకి బాల్కనీ తీసుకుని అమ్మావాళ్ళకి కిటికీ లేని లోపలి రూము తీసుకున్నా, డబ్బులు సర్దుబాటు కాక. "పడుకోవడానికే కదరా" అన్నారు నాన్న. ఆ రూములో లైటు తీస్తే పగలో రాత్రో తెలీదు. ఇది నా తప్పే, ఒప్పుకుంటున్నా.

మొదటి రోజు తెల్లారుజామున డాలస్ నుంచి 5 గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్తే గాల్వెస్టన్ అంతా పొగమంచు, ఎదురుగా కారు కూడా కనపడట్లేదు. ముందు ట్రిప్పు నుంచి రావాల్సిన షిప్పే లోపలికి రాలేదు. సాయంత్రం దాకా పార్కింగ్‌లో, తర్వాత టెర్మినల్లో, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడింది. సెక్యూరిటీలో కెటిల్ తీసేసుకున్నారు, ఇంట్లో చేసిన పులిహోర కూడా పక్కన పెట్టేశారు. రాత్రి 9కి ఎక్కాం, షిప్పు 2 గంటలకి కదిలింది.

రెండో రోజంతా సముద్రం ఊగుడే. అమ్మ వాంతులతో మంచం దిగలేదు. పైగా గుడ్డు కూడా తినదు. బఫేలో వెజ్ అని రాసిన సూపు తెచ్చిస్తే అది చికెన్ నీళ్ళతో చేశారంట, అడిగితే అప్పుడు చెప్పారు, అప్పటికే రెండు చెంచాలు తాగింది. ఆ రోజు నుంచి దిగేదాకా అమ్మ తిన్నది తెల్లన్నం, పెరుగు, అరటిపండు, మేం తీసుకెళ్ళిన కారప్పొడి ప్యాకెట్.

మూడో రోజు ప్రొగ్రెసో. నాన్న ఐదింటికే లేచి స్వెట్టరు, మంకీ క్యాప్ వేసుకుని పైకి డెక్ మీదకి వెళ్ళారు. అక్కడి జెట్టీ సముద్రంలోకి 6 కిలోమీటర్లకి పైనే ఉంటుందంట, అది కనపడేది చూద్దామని. నేను కాఫీ తీసుకుని వెళ్తే రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉన్నారు. "సూర్యుడు ఎడమ పక్క ఉండాలి కదరా మనం దక్షిణానికి వెళ్తుంటే, ఎదురుగా వచ్చాడేంటి, ఓడ తిప్పేసినట్టున్నారు" అన్నారు. ఇంకో పావుగంటకి అనౌన్స్‌మెంట్ వచ్చింది, గాలి ఎక్కువగా ఉంది పోర్టు మూసేశారు, నేరుగా కోజుమెల్ వెళ్తున్నాం అని. నాన్న ఏమీ అనలేదు. కాఫీ తాగి కిందకి వెళ్ళి రూములో పడుకున్నారు.

కోజుమెల్‌లో పిల్లల కోసం బీచ్‌కి వెళ్ళాం, నాన్న షాపుల దగ్గర బెంచీ మీద కూర్చున్నారు. ఇంటికొచ్చాక కంపెనీ వాళ్ళు ఇచ్చింది చిచెన్ ఇట్జా టూర్ డబ్బులు, పోర్టు ఫీజు అని మనిషికి 20 డాలర్ల లోపు. మిగతాదానికి మెయిల్ పెడితే కాంట్రాక్టు చదువుకోండి అన్నారు. ఇంకా ఏమైనా చెయ్యగలమా? డబ్బు ఒక్కటే కాదు, నాన్న ముఖం చూడలేకపోతున్నా.

కరీంనగర్_కాకా:
చదువుతుంటే పానం ఉసూరుమంది తమ్మీ. కానీ ఒక్క మాట చెప్తా, తప్పు పట్టుకోకు. డిసెంబర్ల గాల్వెస్టన్ అంటే పొగమంచు ఉంటదని ఈడ టెక్సస్ల ఉన్నోళ్ళకు తెల్వాలె. మేం కూడా ఒకసారి జనవరిల పోయినం, దిగేటప్పుడు పొద్దుగాల దిగాల్సినోళ్ళం రాత్రి దిగినం, ఫ్లైట్ పోయింది, హోటల్ కర్సు మీద పడ్డది. గప్పటి సంది ఏప్రిల్ తర్వాతనే పోతున్నం. ఇన్సూరెన్స్ తీస్కున్నవా లేదా?

తెనాలి_టు_డాలస్:
తీసుకోలేదు అన్నా. అమ్మావాళ్ళకి విజిటర్ ఇన్సూరెన్స్ ఉంది కదా సరిపోతుంది అనుకున్నా. అమ్మని షిప్పులో డాక్టర్ దగ్గరకి తీసుకెళ్తే ఇంజెక్షన్, మందులు కలిపి 190 డాలర్లు రూము బిల్లులో వేశారు, విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళు అది అమెరికా బయట జరిగింది అని ఇంకా తేల్చట్లేదు.

ప్లానో_నర్స్_అక్క:
బిల్లుతో పాటు షిప్పు మెడికల్ సెంటర్ నుంచి విజిట్ నోట్ కూడా అడిగి తీసుకో తమ్ముడూ, ఒట్టి రసీదు పంపిస్తే క్లెయిమ్ కదలదు. అన్ని పాలసీలూ ఒకలా ఉండవు, కొన్నింట్లో పక్క దేశాలకి చిన్న ట్రిప్పు వెళ్ళినా కవర్ అవుతుంది, నీ పాలసీ కాగితంలో ఆ పేరా వెతుకు.

అమ్మగారి విషయం చదివి బాధేసింది. కడుపులో తిప్పే మందు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచెయ్యదు, షిప్పు కదలడానికి గంట ముందే వేసుకోవాలి. మెక్లిజీన్ ఇక్కడ ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరుకుతుంది, కానీ పెద్దవాళ్ళకి మత్తుగా ఉంటుంది, గ్లాకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు.

ఇంకోటి, ఇక్కడ చదివే అందరికీ. షిప్పులో అందరూ బఫే ముందు శానిటైజర్ రాసుకుని వెళ్ళిపోతారు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచెయ్యదు, సబ్బు నీళ్ళతో కడుక్కోవాల్సిందే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు షిప్పుల్ని తనిఖీ చేసి 100కి మార్కులు వేస్తారు, 85 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ఫెయిల్. మీ షిప్పుకి ఎంత వచ్చిందో వాళ్ళ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు, బుక్ చేసే ముందు రెండు నిమిషాల పని.

మోడరేటర్:
థ్రెడ్ మంచిగా నడుస్తోంది. ఒక మనవి, కంపెనీల పేర్లు, ఏజెంట్ల పేర్లు, బుకింగ్ నంబర్లు పెట్టకండి. ఒక పోస్టు ఎడిట్ చేశాను.

వైజాగ్_పాత_స్టీవార్డ్:
నేను ఏడేళ్ళు క్రూజ్ షిప్పుల్లో పనిచేశాను, ముందు గ్యాలీలో అంటే వంటగదిలో, తర్వాత డైనింగ్‌లో. ఇప్పుడు విశాఖలోనే ఉంటున్నాను. కొన్ని విషయాలు చెప్తాను బాబూ, కంపెనీని వెనకేసుకు రావడానికి కాదు.

పొగమంచు గురించి. చలికాలం మెక్సికో గల్ఫ్ మీద నుంచి వచ్చే గాలి వెచ్చగా తేమగా ఉంటాది, గాల్వెస్టన్ ఒడ్డున నీళ్ళు చల్లబడిపోయి ఉంటాయి, ఆ గాలి ఈ నీళ్ళ మీదకి వచ్చేసరికి మంచు కట్టేస్తాది. గంటలో పోవచ్చు, రెండు రోజులు ఉండిపోవచ్చు. పోర్టులోకి షిప్పుని తీసుకొచ్చేది అక్కడి పైలట్లు, వాళ్ళు ఎక్కం అంటే కెప్టెన్ చేసేది ఏమీ లేదు. పక్కనే హ్యూస్టన్ ఛానెల్‌కి పోయే ఆయిల్ ట్యాంకర్లు కూడా అదే దారి, కనపడకుండా నడిపితే ఏమవుద్దో ఆలోచించండి.

ప్రొగ్రెసో సంగతి కూడా అంతే. టెక్సస్ మీద నుంచి చలిగాలి కిందకి దిగితే అక్కడోళ్ళు నోర్తె అంటారు, ఉత్తరపు గాలి. ప్రొగ్రెసో తీరం ఉత్తరానికి తెరుచుకుని ఉంటాది, ఏ కొండా అడ్డం లేదు. జెట్టీ అంత పొడుగు ఎందుకంటే అక్కడ సముద్రం అడుగు సున్నపురాయి పలక లాగ చాలా దూరం వరకు లోతు లేకుండా ఉంటాది, పెద్ద షిప్పులు ఒడ్డుకి రాలేవు. 12 అంతస్తుల షిప్పు పక్కభాగం గాలికి తెరచాపే అనుకోండి, ఆ గాలిలో జెట్టీకి కడితే తాళ్ళు తెగిపోతాయి. చలికాలంలో అక్కడికి వెళ్ళకుండా తిప్పేసిన ట్రిప్పులు నేనే చాలా చూశాను.

కానీ బాబూ, ఈ సంగతి అమ్మేవాడికి తెలుసు. మా నాన్నకి ఆ పిరమిడ్ చూపించాలి అని నువ్వు ఏజెంటుకి చెప్పి ఉంటే డిసెంబర్‌లో ప్రొగ్రెసోని నమ్ముకోకండి అని చెప్పాల్సిన బాధ్యత వాడికి ఉంది. అది చెప్పరు. నాకు కోపం వచ్చేది అక్కడ.

భోజనం గురించి. బఫేలో అడిగితే అక్కడ నిలబడినవాడికి ఏమీ తెలీదు. బుక్ చేసినప్పుడే ప్రత్యేక ఆహారం అని రాయించాలి, ఎక్కిన రోజు సాయంత్రమే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్ని కలిసి గుడ్డు లేదు, మాంసం నీళ్ళు లేవు, ఇండియన్ వెజ్ అని చెప్పాలి. రేపటికి ఏం కావాలో ఈ రాత్రే అడుగుతారు. గ్యాలీలో మనవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, గోవా వాళ్ళు, కేరళ వాళ్ళు, పప్పు, అన్నం, ఆలూ కూర చేసి పంపిస్తారు. నేను ఉన్నప్పుడు ఒక రాజమండ్రి మామ్మగారికి రోజూ చారు పెట్టాం, దిగేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశారు. మీ అమ్మగారు పెరుగన్నంతో ఉండిపోయారంటే నాకు కడుపు తరుక్కుపోయింది, ఒక్క మాట చెప్పుంటే అయిపోయేది.

రూము కూడా. ఊగుడు పడనివాళ్ళకి షిప్పు మధ్యలో, కింది అంతస్తులో తీసుకోవాలి. ముందు కొసన, పై అంతస్తుల్లో ఊగుడు ఎక్కువ.

తెనాలి_టు_డాలస్:
చాలా థాంక్స్ అండీ. మాది ముందు వైపు, తొమ్మిదో అంతస్తు. హెడ్ వెయిటర్ విషయం అస్సలు తెలీదు, పొగమంచు వల్ల మొదటి రోజు డైనింగ్ మూసేసే టైముకి ఎక్కాం, ఆ తర్వాత అమ్మ పైకే రాలేదు. ఏజెంటుకి మాత్రం చెప్పా, ఫోన్లో మా నాన్న కోసమే చిచెన్ ఇట్జా అని స్పష్టంగా చెప్పా. "గ్రేట్ చాయిస్ సార్" అన్నాడు.

స్టాంపింగ్_కష్టాలు:
కొంచెం పక్క విషయం, కానీ ఈ థ్రెడ్ చదివి క్రూజ్ బుక్ చేసేవాళ్ళకి ఉపయోగం. మాకైతే షిప్పు ఎక్కనే ఎక్కనివ్వలేదు. నాది హెచ్1బి వర్క్ వీసా, 797 అంటే ఇక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే అప్రూవల్ కాగితం మూడేళ్ళు ఉంది కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది. కెనడా, మెక్సికో వెళ్ళి 30 రోజుల్లోపు వస్తే పాత స్టాంపుతోనే రానిస్తారు కదా అనుకున్నా, అది నిజమే, కానీ మా క్రూజ్‌లో మెక్సికోతో పాటు హోండురస్‌లో రొయతాన్ ఉంది. హెచ్1బి వాళ్ళకి ఆ వెసులుబాటు కెనడా మెక్సికోలకే, చుట్టుపక్కల దీవులు కలిసేది ఎఫ్, జె వీసాల వాళ్ళకి, అంటే స్టూడెంట్లకి, ఎక్స్ఛేంజ్ మీద వచ్చినవాళ్ళకి. కౌంటర్ దగ్గర ఆపేశారు, మా పిల్లది బొమ్మల సూట్‌కేసు పట్టుకుని ఏడుస్తా ఉంది, ఒక్క రూపాయి వెనక్కి రాలేదు ఎందుకంటే కాగితాలు చూసుకోవాల్సింది నేనే అని వాళ్ళ కాంట్రాక్టులో ఉంది. కేవలం మెక్సికో పోర్టులే ఉన్నా కూడా కంపెనీని ముందు రాతపూర్వకంగా అడగండి, లాయర్ని అడగండి.

కొంపల్లి_మాధవి:
మేము ఇండియాలోనే, ముంబై నుంచి లక్షద్వీప్ అని వెళ్ళాం. అక్కడ షిప్పు సముద్రంలోనే ఆగుతుంది, చిన్న బోట్లలో దిగాలి. అలలు ఎక్కువున్నాయని దింపలేదు. మూడు రోజులూ షిప్పులోనే డీజే మోత, అత్తయ్యగారు గదిలోనే జపం చేసుకుంటూ కూర్చున్నారు. బ్రోచర్లో మొదటి పేజీ బొమ్మే ఆ బీచ్.

అయితే మేము ఊరుకోలేదు. ఏజెంటు "దిగడం గ్యారంటీ" అని వాట్సాప్‌లో రాశాడు, ఆ స్క్రీన్‌షాట్ పెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లయింట్ ఇచ్చాం. ఏజెంటు వారంలో ఫోన్ చేసి కొంత వెనక్కిచ్చాడు. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకున్నాం, 2019 చట్టం ప్రకారం కంపెనీ ముంబైలో ఉన్నా మనం ఉండే ఊళ్ళోనే వెయ్యొచ్చు, రెండేళ్ళ లోపు వెయ్యాలి, కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. నోటి మాట కాకుండా ప్రతీదీ రాతలో తీసుకోవాలి అన్నది మాకు అప్పుడు అర్థమైంది.

కరీంనగర్_కాకా:
మాధవి చెల్లె చెప్పింది ఇండియాల నడుస్తది. ఈడ కథ వేరే. టికెట్ కాంట్రాక్టుల పోర్టు ఎప్పుడైనా మార్సుకునే హక్కు వాళ్ళదే అని రాసుంటది, వాతావరణం అయితే ఇగ అస్సలే అడగరాదు. 2013ల మెక్సికో గల్ఫ్ల ఒక షిప్పు ఇంజన్ రూంల మంటలొచ్చి రోజుల తరబడి కరెంటు లేక జనం గోస పడ్డరు, ఆ ఏడాదే కంపెనీలన్నీ కలిసి ప్రయాణికుల హక్కులు అని ఒక కాగితం తెచ్చినయ్. అండ్ల మెషిన్ ఖరాబై ట్రిప్పు మొత్తం క్యాన్సిల్ అయితే పూరా పైసలు, మధ్యల ఆగిపోతే కొంత వాపస్ అని ఉన్నది. గాలికి పోర్టు తప్పితే ఏం లేదు. లొల్లి పెట్టుకుంటే టైమ్ తప్ప ఏం రాదు తమ్మీ, నిన్ను నిరాశ పెట్టుడు నాకిష్టం లేదు గనీ ఉన్నది చెప్తున్న. సూపు సంగతి మాత్రం వదలకు, వెజ్ అని రాసి చికెన్ పోసుడు చిన్న ముచ్చట కాదు, అది ఒక్కటే సెపరేట్‌గ మెయిల్ పెట్టు.

కేటీ_శ్రావణి:
అన్నయ్యా, ఇది చెప్పాలా వద్దా అని రెండుసార్లు టైప్ చేసి తీసేశా. కోజుమెల్ దీవిలోనే మాయా వాళ్ళ గుళ్ళున్నాయి, సాన్ హెర్వాసియో అంటారు, ఓడ దిగి టాక్సీలో వెళ్ళి రావచ్చు. ఇష్చెల్ అని వాళ్ళ అమ్మవారు, కాన్పులకి వైద్యానికి దేవత, ఆవిణ్ణి కొలవడానికి ఆడవాళ్ళు సముద్రం దాటి ఆ దీవికి వచ్చేవాళ్ళంట. పెద్ద పిరమిడ్లేం ఉండవు, అడవిలో చిన్న చిన్న రాతి గుళ్ళు, ఉడుముల్లాంటి ఇగ్వానాలు ఎండకి పడుకుని ఉంటాయి. మేము వెళ్ళినప్పుడు మా మావయ్యగారు అక్కడి నుంచి కదల్లేదు.

తెనాలి_టు_డాలస్:
చెప్పడమే మంచిదైంది శ్రావణీ. ఆరు గంటలు నాన్న బెంచీ మీద కూర్చున్నారు, దగ్గర్లోనే అది ఉంది. నేను ఒక్కసారి వెతికి ఉంటే కనపడేది. ఇది చదివాక ఇంక మాట రావట్లేదు.

కేటీ_శ్రావణి:
అలా అనుకోకండి. అమ్మావాళ్ళు ఎప్పటిదాకా ఉంటారు? హ్యూస్టన్ నుంచి మెక్సికోలో మెరిడా అనే ఊరికి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, రెండు గంటలు. మెరిడా నుంచి చిచెన్ ఇట్జా గంటన్నర రోడ్డు. వాళ్ళకి అమెరికా వీసా చెల్లుబాటులో ఉంది కాబట్టి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు, మీ స్టాంపు ఉంటే మీకూ అంతే. ఇద్దరికీ టికెట్లు, మూడు రాత్రుల ఇల్లు కలిపినా మీ క్రూజ్‌లో సగం కాదు. తిరిగొచ్చేటప్పుడు ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, దాని తేదీ మాత్రం చూసుకోండి, కొత్తగా ఆరు నెలలు ఇస్తారని లెక్క వేసుకోవద్దు.

తెనాలి_టు_డాలస్:
ఏప్రిల్ మొదటి వారం దాకా ఉంటారు. నా స్టాంపు ఉంది. ఇప్పుడే నాన్నకి ఈ థ్రెడ్ అంతా చదివి వినిపించా. ఆయన ఏదో రాస్తానంటున్నారు, నా ఐడీ నుంచే పెడుతున్నా, కింద ఉన్నది ఆయన టైప్ చేసిందే.

తెనాలి_టు_డాలస్:
అందరికీ నమస్కారములు. నేను అబ్బాయి తండ్రిని. మావాడు అనవసరంగా మనసు పాడుచేసుకుంటున్నాడు. నేను ఆ రోజు రూములో పడుకున్నది కోపంతో కాదు, చలికి. అయితే చూడాలని ఉండింది, ఆ మాట దాచను.

విశాఖ బాబు సున్నపురాయి పలక గురించి రాసింది చదివి ఎంతో సంతోషమైంది. ఆ పలక మీదే, ప్రొగ్రెసో పక్కనే చిక్షులూబ్ అని ఊరు ఉంది. 6.6 కోట్ల ఏళ్ళ క్రితం ఉల్క పడి రాక్షసబల్లులు పోయినది అక్కడే, ఆ బిలం సగం నేల కింద సగం సముద్రం కింద కప్పబడి ఉంది. అంటే ఆ రోజు మా ఓడ దాని పక్క నుంచే తిరిగింది. క్లాసులో ఈ సంగతి చెప్తే పిల్లలు మళ్ళీ చెప్పమనేవాళ్ళు. ఆ రాయిలో నదులు పైన పారవు, అడుగునే పారతాయి, పైకప్పు కూలినచోట బావులవుతాయి. చిచెన్ ఇట్జా అంటే ఇట్జాలు అనే మాయా తెగవాళ్ళ బావి ఒడ్డు అని అర్థం.

మార్చి 20, 21 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో ఆ పిరమిడ్ ఉత్తరపు మెట్ల పక్కన సాయంత్రం నీడ పాములాగ దిగుతుంది. అప్పుడు వెళ్ళగలిగితే నాకు చాలు, మెట్లు ఎక్కనివ్వరని తెలుసు, నా మోకాళ్ళకీ అదే మంచిది. మా ఆవిడ మాత్రం ఓడ పేరెత్తితే వణుకుతోంది, విమానమే అంటోంది. శ్రావణి అమ్మాయిని ఒకటి అడగాలి, అక్కడ ఆవిడకి తినడానికి ఏమైనా దొరుకుతుందా?

కరీంనగర్_కాకా:
సార్ నమస్తే. మీ అసోంటి సార్ ఉంటే నేను సోషల్ల పాసయ్యేటోణ్ణి. మంచిగ పోయి రండి.

కేటీ_శ్రావణి:
మాస్టారూ నమస్కారం. దొరుకుతుంది, కంగారు పడొద్దు. వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి, బియ్యం, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, పెరుగు అన్నీ మార్కెట్లో ఉంటాయి, కందిపప్పు, చింతపండు ఇక్కడి నుంచి సీలు ప్యాకెట్లలో పెట్టుకోండి. బయట తినాల్సి వస్తే ఒక్క జాగ్రత్త. నల్ల చిక్కుడు గింజల ముద్ద అన్నం పక్కన పెడతారు, చూడ్డానికి మన పప్పులాగే ఉంటుంది, చాలాచోట్ల అది పంది కొవ్వుతో చేస్తారు. "సిన్ మాంతెకా" అని అడగమనండి, కొవ్వు లేకుండా అని. మొక్కజొన్న రొట్టెలు, అవకాడో, నిమ్మకాయ పిండిన మామిడి ముక్కలు అమ్మగారికి నచ్చుతాయి. ఆ పాము నీడ రోజున జనం విపరీతంగా ఉంటారు, అటూ ఇటూ రెండు మూడు రోజులు కూడా దాదాపు అలాగే కనపడుతుంది కాబట్టి 23న వెళ్ళండి. తేదీ ఖాయం కాగానే చెప్పండి, హ్యూస్టన్‌లో ఫ్లైట్ ముందు రాత్రి మా ఇంట్లో దిగండి, అమ్మగారికి మధ్యాహ్నం దాకా సరిపడా పులిహోర కట్టిస్తా.